కాషాయము వేషమా?

నాటకశాలలో దీపములు మలగినవి. తెర లేచినది. ఎచ్చటనో గంట మ్రోగినది, ధూపము క్రమ్ముకొన్నది. తలలు గొరిగించుకొన్న ఇరువదిమంది యువకులు కాషాయచీవరములు ధరించి, కన్నులు మూసికొని, పద్మాసనస్థులై యున్నారు. సభ యంతయు దేవాలయమువలె నిశ్శబ్దమైనది. మరుక్షణమున భేరి మ్రోగినది. ఆ ధ్యానమూర్తులు గాలిలోనికి లేచిరి. ఒకడు ఇనుపకడ్డీని తన నెత్తిన గొట్టుకొని విరిచెను. ఒకడు బల్లెపుమొనను గొంతున కానించుకొని, దాని కఱ్ఱ విల్లువలె వంగువఱకు ముందునకు నడచెను. ఒకడు చేతితో సూదిని విసరి గాజుపలకకు తూటు పొడిచెను. జనులు లేచి నిలుచుండి చప్పట్లు చఱచిరి. తెర పడినది. వెలుపలి ద్వారముకడ జపమాలలును, చొక్కాలును, చిత్రపటములును అమ్మకమునకు సిద్ధముగా నున్నవి.

చీనాదేశమందలి షావోలిన్ బౌద్ధవిహారము పేర ఇట్టి ప్రదర్శనములు ముప్పదియేండ్లకు పైగా దేశదేశములందు జరుగుచు వచ్చినవి. మొన్న మా పట్టణపు పఠనమందిరమున కొందఱు యువకులు అట్టి ప్రదర్శనము నొకదానిని తెరపై వైచి చూచుచుండగా మేమును వారి వెనుక నిలిచి చూచితిమి. వారి ముఖములలో ఆశ్చర్యము కంటె గర్వ మెక్కువగా గన్పట్టినది. "వీరికి ఈ విద్య నేర్పినది మనవాడే గదా!" యని యొకడనెను. "బోధిధర్ముడు లేకున్న కుంగ్‌ఫూ యెక్కడిది?" యని మఱియొకడనెను. తక్కినవారందఱు తలలూపిరి. ఒక్కరైనను, "భిక్షువులు టిక్కెట్టు పెట్టి ఆడుటయేమి?" అని యడిగినవారు లేరు. ఈ వ్యాసమునకు ఆ మౌనమే కారణము.

మా వాదము నొక్క వాక్యములో జెప్పెదము. విద్య రంగస్థల మెక్కవచ్చును; వ్రతము ఎక్కరాదు. ఆ యువకుల దేహపాటవమును మేము నిందింపము. వారు మల్లులుగా, నటులుగా, వ్యాయామవీరులుగా ప్రదర్శించిన మేమును టిక్కెట్టు కొని ముందువరుసను గూర్చుందుము. కాని సర్వము విడిచితినని లోకమునకు జాటు గుడ్డను, ధనమార్జించు వేషముగా మార్చుటకు మాత్రము మేమొప్పుకొనజాలము.

న్యాయస్థానమున ప్రతిపక్షము బలమును తగ్గించి చెప్పువాడు మంచి వకీలు కాడు. కావున ముందుగా షావోలిన్‌వారి పక్షమున నున్న సత్యమును విన్నవించెదము. ఆ విహారము నిన్న మొన్న నాటకము కొఱకు గట్టిన అట్టతెర కాదు. హెనాన్ రాష్ట్రమున సుంగ్ పర్వతపాదమున, ఉత్తర వే వంశపు చక్రవర్తి షావోవెన్ 495వ సంవత్సరమున భారతదేశమునుండి వచ్చిన బుద్ధభద్రుడను భిక్షువు కొఱకు దానిని గట్టించెనని చీనావారి చరిత్ర చెప్పుచున్నది. వారాయనను బాతువో యందురు. 621లో తాంగ్ వంశపు రాజకుమారుడు లీ షిమిన్, వాంగ్ షిచోంగ్ అను ప్రత్యర్థితో పోరుచుండగా ఆ విహారభిక్షువులు రాజకుమారుని పక్షము వహించిరి. ఆతడు వారికి వ్రాసిన కృతజ్ఞతాలేఖ 728లో నిలిపిన శిలాశాసనముపై నేటికిని గలదు. పదుమూడుగురు భిక్షువుల పేరులు అందు చెక్కబడినవి. వారిలో నొకనికి సేనాపతి పదవి లభించినది; విహారమునకు భూములును, నీటిమరయు లభించినవి.

తరువాతి కథయు నట్టిదే. 1553లో తూర్పుతీరమును దోచుచున్న సముద్రపు దొంగలపై మింగ్ ప్రభుత్వమువారు ప్రయోగించిన దళములలో షావోలిన్ భిక్షువులుండిరి, వారు గెలిచిరి. పదునేడవ శతాబ్దారంభమున చెంగ్ జోంగ్‌యూ అను గృహస్థు పదియేండ్లకు పైగా అచ్చట కఱ్ఱసాము నేర్చి, ఆ విద్యను గూర్చి బొమ్మలతో గ్రంథము వ్రాసెను. 1928లో సేనానుల అంతఃకలహములలో షీ యూసాన్ అను సేనాని ఆ విహారమునకు నిప్పు పెట్టించెను. మంటలు నలువది దినములకు పైగా నారలేదనియు, ప్రాచీనగ్రంథములెన్నియో బూడిదయైనవనియు చెప్పుదురు. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవకాలమున మిగిలిన కొలదిమంది భిక్షువులును అవమానముల పాలైరి. ఇన్ని దెబ్బలు తిని నిలిచిన విద్యను బూటకమనువాడు చరిత్ర నెఱుగనివాడు. ఆ మాట మేమనము.

అయినను ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. 621లోను 1553లోను ఆ భిక్షువులు కఱ్ఱ పట్టినది శత్రువు నెదుర్కొనుటకు. ప్రేక్షకుని మెప్పించుటకు కాదు. అదియైనను వారి వ్రతమునకు సరిపడినదా? సరిపడలేదనియే చెప్పవలెను. చీనా విహారములందు భిక్షువులు స్వీకరించు బ్రహ్మజాలసూత్రనియమములు కత్తులు, గదలు, విండ్లు మొదలగు ఆయుధములను దాచియుంచుకొనుటనే నిషేధించుచున్నవి. కాబట్టి కఱ్ఱ పట్టిన భిక్షువు తన వ్రతమునకు ఋణగ్రస్తుడైనాడు. ఆ ఋణమునకు ఆపద్ధర్మమను సాకైనను గలదు. ఇల్లు తగులబడుచున్నప్పుడు వైష్ణవుడు మాలపల్లె బావినీరు తేవలదనునా? కాని చలువగాలి వీచు నాటకశాలలో, మెత్తని కుర్చీలలో గూర్చున్నవారి వినోదమునకై బల్లెము పట్టుట యే ఆపద? యే ధర్మము?

ఇక బుద్ధదేవుని తీర్పునే వినుడు. ఈ వ్యవహారము ఆయన కాలముననే విచారణకు వచ్చినది. రాజగృహమున నొక శ్రేష్ఠి చందనపుకొయ్యతో భిక్షాపాత్రను జేయించి, వెదురుగడల కొనకు గట్టించి, ఋద్ధిబలము గల అర్హతుడెవ్వడైన నున్నచో దానిని దింపుకొనవచ్చునని చాటించెను. పిండోల భారద్వాజుడను భిక్షువు గాలిలోనికి లేచి, ఆ పాత్రను గైకొని, పురమును ముమ్మాఱు చుట్టి దిగెను. జనము కేకలు వైచుచు ఆయన వెంటబడెను. ఆ కోలాహలమును విని బుద్ధుడు సంగతి విచారించి తెలిసికొనెను. శిష్యుని మెచ్చుకొన్నాడా? లేదు. తుచ్ఛమైన కొయ్యగిన్నె కొఱకు గృహస్థులయెదుట శక్తిని జూపుటను, కాసుకొఱకు మానమును బయటపెట్టుటతో బోల్చి మందలించెను. ఆ పాత్రను ముక్కలు సేయించి, కాటుకలో గలుపుకొనుటకు గంధపుపొడిగా భిక్షువులకు బంచిపెట్టించెను. గృహస్థుల యెదుట ఇట్టి ప్రదర్శనము చేయరాదని నియమము విధించెను. ఈ కథ వినయపిటకమున నున్నది.

పాఠకులు ఒక్క విషయమును గమనింపవలెను. పిండోలుడు మోసగాడు కాడు. ఆ గ్రంథమును బట్టి ఆయన అర్హతుడే. ఆయన శక్తియు నిజమైనదే. అయినను దోషము దోషమే యైనది. "మా విద్య నిజమైనది, మేము గారడీవాండ్రము కాము" అను వాదము కావున ఈ న్యాయస్థానమున చెల్లదు. నిజమైన శక్తిని ప్రదర్శించిననే దోషమైనప్పుడు, నిజమని రుజువు చేసికొనుటవలన లాభమేమి? దోషము శక్తి అసత్యమగుటలో లేదు, దానిని జూపి గిన్నె సంపాదించుటలో గలదు.

రెండవ సాక్ష్యము ఇంతకంటెను సూటిగా మన వ్యవహారమునకు దగులును. తాలపుటుడను నటగ్రామణి బుద్ధుని కడకు వచ్చి, రంగమున నిజములచేతను కల్లలచేతను జనులను నవ్వించి సంతోషపెట్టు నటుడు మరణానంతరము నవ్వు దేవతల లోకమున బుట్టునని పెద్దలు చెప్పుదురు, నిజమేనా యని యడిగెను. బుద్ధుడు, అది అడుగవలదని వారించెను. మఱల నడిగెను, మఱల వారించెను. మూడవమాఱు అడుగగా, ముందే రాగద్వేషమోహములతో గట్టువడిన జనులను ఆ బంధములలోనే మఱింత బిగించువానికి స్వర్గము లేదని చెప్పెను. తాలపుటుడు ఏడ్చెను. తనను తిట్టినందుకు గాదు. తన పెద్దలు తన్ను ఇంతకాలము మోసపుచ్చినందుకు. ఆ పిమ్మట నాతడు సన్న్యసించి, సాధన చేసి, అర్హతుడయ్యెను. నటుని గూర్చి ఆ తీర్పు కఠినమైనది. నాటకములను ప్రేమించు మేము దానిని అక్షరాలా ఒప్పుకొనము. మాకు గావలసినది ఆ నటుడు నడచిన దిక్కు. ఆనాడు రంగస్థలమునుండి కాషాయమునకు దారి పడినది. నేడు కాషాయమునుండి రంగస్థలమునకు దారి పడుచున్నది. బౌద్ధమున చేరిన బాలశ్రామణేరుడు సైతము స్వీకరించు పది శీలములలో నృత్యగీతవాద్యములకును వేడుకలకును దూరముగా నుండుట యొకటి. వెండిబంగారముల నంటకుండుట మఱియొకటి. ఆ రెండు శీలములును ఒక్క టిక్కెట్టుతో చిరిగిపోవుచున్నవి.

ఇక ప్రతివాదులు చెప్పు సమాధానములను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది, విహారము బ్రతుకవలదా యనునది. కోటివిద్యలు కూటికొఱకే యని మనవారును చెప్పుదురు. కాని ఆ కోటివిద్యలలో సన్న్యాసమును జేర్చినవా రెవ్వరు? భిక్షువునకు భిక్ష గలదు, శ్రమ గలదు. తాంగ్ వంశకాలమున బైజాంగ్ అను ధ్యానాచార్యుడు ముసలితనమునను పొలముపని మానలేదు. శిష్యులు జాలిపడి ఆయన పనిముట్లను దాచివేయగా, పని లేని దినమున తిండియు వలదని ఆయన భోజనము మానెను. శిష్యులు పనిముట్లను దెచ్చి యిచ్చిరి. షావోలిన్ విహారమునకును అనేకశతాబ్దములు అన్నము బెట్టినవి పొలములును నీటిమరలునే గదా! పేదఱికమువలన విహారము చెడినదని మేము వినలేదు; సంపదవలన చెడిన మఠములను మన దేశముననే జూచుచున్నాము.

రెండవది, ఇది ఉపాయకౌశల్యమనునది. ప్రదర్శనమును జూచి మెచ్చినవాడు ధర్మమున కాకర్షింపబడునట! సద్ధర్మపుండరీకమున తగులబడుచున్న యింటిలో నాడుకొనుచున్న బిడ్డలను, బండ్లిచ్చెదనని చెప్పి వెలుపలికి రప్పించిన తండ్రి కథ గలదు. బౌద్ధులు ఉపాయమునకు జూపు ప్రధానదృష్టాంతమదియే. మేమును దానినే ప్రమాణముగా స్వీకరించుచున్నాము. ఆ తండ్రి బిడ్డలను నిప్పులోనుండి వెలుపలికి రప్పించెను. ఈ నాటకశాలలోనుండి వెలువడిన ప్రేక్షకుడు ఎచ్చటికి వచ్చుచున్నాడు? చొక్కాల దుకాణమునకు. వాని కోరికలలో నొకటియైన తగ్గినదా? ఒక్కటి పెరిగినది: మఱియొక ప్రదర్శనమును జూడవలెనని. ఉపాయమని పేరు పెట్టినంతమాత్రమున ఎర ఔషధము కానేరదు.

మూడవది కొంత గౌరవార్హమైన వాదము. చలనమే ధ్యానము, యుద్ధకళయే చిత్తనిగ్రహమని వారందురు. 2008వ సంవత్సరమున బెల్జియము దేశపు నాట్యాచార్యుడు సిదీ లార్బీ షెర్కావుయీ షావోలిన్ భిక్షువులతో లండను నగరమున 'సూత్ర' యను నాట్యము కూర్చెను. ఆంటొనీ గామ్లీ అను శిల్పి 21 కొయ్యపెట్టెలను గావించి యిచ్చెను. ఆ పెట్టెలే గోడలై, పడవలై, శవపేటికలై మాఱుచుండగా భిక్షువులు వానినడుమ నాడిరి. ఇనుపకడ్డీలు విఱుచు గారడీతో దానిని ఒక్కగాటను గట్టుట అన్యాయము, అది కళయే. కాని కళ యగుటచేతనే మా ప్రశ్న మఱింత బిగియుచున్నది. ఆ యువకుల కాళ్లలోని లాఘవము చాలదా? వెదురుపొదవలె నొక్కసారి వంగి లేచు ఆ దేహములు చాలవా? "వీరు నిజమైన భిక్షువులు" అను ప్రకటన యెందులకు? కళ తనంతట తాను నిలువగలిగినచో భిక్షుత్వమను ముద్ర దానికి అక్కఱలేదు. నిలువలేకున్నచో, అమ్ముడు పోవుచున్నది కళ కాదు, ముద్రయే.

నాలుగవది, టిబెట్టు లామాలును ముసుగులు ధరించి నాట్యమాడుదురు గదా, వారినేల అనరు అనునది. 'చామ్' అను ఆ నాట్యము విహారపు ముంగిట, నిర్ణీతమైన పండుగనాడు, పూజాంగముగా జరుగును. చూచువారు ఊరివారు, వారు భక్తితో వత్తురు, ఉచితముగా వత్తురు. పూజలో భాగమైన నాట్యము వేఱు, నాట్యములో అలంకారమైన పూజ వేఱు. ఆ లామాలును తమ నాట్యమును మూటగట్టుకొని ఊరూర టిక్కెట్టుకు ఆడునప్పుడు మా మాట వారికిని వర్తించును. న్యాయము ముఖము జూచి మాఱదు.

ఈ వ్యాపారమునకు మొదలు ఎచ్చటనో చూతము. 1982లో 'షావోలిన్ విహారము' అను చలనచిత్రము వెలువడినది. అందు నాయకుడుగా నటించిన జెట్ లీ భిక్షువు కాడు. వ్యాయామక్రీడలలో బహుమతులందిన యువకుడు. అప్పటికి ఆ విహారమున మిగిలిన భిక్షువులు కొలదిమంది వృద్ధులు. చిత్రమును జూచిన పిల్లలు వేలకొలదిగా ఆ కొండపాదమునకు పరుగిడిరి. డెంగ్‌ఫెంగ్ పట్టణము చుట్టును మల్లవిద్యాశాలలు పుట్టగొడుగులవలె మొలచినవి. వానిలో పెద్దదైన తాగౌ పాఠశాలయందు విద్యార్థుల సంఖ్య పదివేలను దాటి పోయినది. 1998లో విహారము తన పేరును వ్యాపారచిహ్నముగా రక్షించుకొనుటకు కంపెనీని స్థాపించెను. 2010లో ఆ ప్రాంతపు ప్రాచీనకట్టడములు ప్రపంచవారసత్వపు జాబితా కెక్కినవి. ఈ క్రమమును జూడుడు. నటుడు భిక్షువేషము వైచెను. ఆ వేషమును జూచి జనము వచ్చెను. వచ్చిన జనమును మెప్పించుటకు భిక్షువు నటుడయ్యెను. సినిమా విహారమును అనుకరించుటతో మొదలైనది, విహారము సినిమాను అనుకరించుటతో ముగిసినది.

2025 జూలైలో ఆ విహారాధిపతియైన షీ యోంగ్‌షిన్ ధనాపహరణాది ఆరోపణములపై దర్యాప్తునకు గుఱియైనాడని విహారమే ప్రకటించెను. చీనా బౌద్ధసంఘము ఆతని భిక్షుపత్రమును రద్దు చేసెను. విహారమునకు క్రొత్త యధిపతి వచ్చెను. మా మిత్రులు కొందఱు దీనిని మా చేతికి వజ్రాయుధముగా నందించుచున్నారు. మేము దానిని బట్టుకొనము. ఆరోపణ తీర్పు కాదు. ఒక వ్యక్తి దోషముచేత ఒక సంప్రదాయమును శిక్షింపరాదు. మా వాదమునకు ఆతని దోషముతో పనిలేదు. ఆతడు స్ఫటికమువలె నిర్మలుడని రేపు తేలినను, భిక్షువు టిక్కెట్టుపై నాడుట ఇప్పటివలెనే తప్పు.

ఈ తప్పువలన నష్టపడువా రెవ్వరు? మొదట ఆ బాలురు. పల్లెలలోని పేదరైతుల బిడ్డలు తెల్లవాఱకమునుపే లేచి, మంచులో పరుగెత్తి, ఎముకలు విఱుగునంత సాధన చేయుదురు. ఆ చెమట వారిది. కాని తెరపై వారి పేరు రాదు. "షావోలిన్ భిక్షువులు" అని మాత్రమే వచ్చును. వారిలో గురువువద్ద దీక్షగొన్నవా రెందఱో, గుండు గొరిగించుకొన్నవారు మాత్రమే యెందఱో ప్రేక్షకునకు దెలియదు. దెలియుట ఆ ప్రదర్శనమునకు అవసరమును కాదు. రెండవది, నిజముగా ధ్యానము చేసికొనదలచి ఆ విహారమున జేరిన భిక్షువు. జనము ఆతనిని జూడగానే, ఎగిరి చూపుమని యడుగుదురు. ఎగురలేని భిక్షువు భిక్షువే కాడను భావము లోకమున బాతుకొన్నది. మన యూళ్లలో దొమ్మరవారు గడ యెక్కి, త్రాటిపై నడచి, పిల్లను గాలిలో నిలిపి ప్రాణములకు దెగించి విద్య చూపుదురు. వారు సన్న్యాసులమని చెప్పుకొనలేదు. మా విద్య యిది, మీకు దోచినంత యిండని చేయి చాచుదురు. ఆ చాచిన చేతిలో నిజాయితీ గలదు. వారిని మనము చులకనగా జూచి, అదే విద్యకు కాషాయము చుట్టినంతనే చేతులు జోడించుచున్నాము. సిగ్గు ఎవరిది?

ఇప్పుడు పఠనమందిరపు యువకుల గర్వమునకు వత్తము. స్వదేశాభిమానము మాకు వారికంటె తక్కువ లేదు. అందుచేతనే ఈ మాట కఠినముగా జెప్పవలసి యున్నది. బోధిధర్ముడు చీనావారికి కుంగ్‌ఫూ నేర్పెననుటకు సాక్ష్యము లేదు.

ఆయనను బేర్కొన్న ప్రాచీనగ్రంథము 547లో యాంగ్ షువాన్‌జీ వ్రాసిన లోయాంగ్ నగరవిహారముల వర్ణనము. అందు బోధిధర్ముడు పారసీకమునుండి వచ్చిన వృద్ధభిక్షువు. ఒక మహావిహారపు శోభను జూచి చేతులు జోడించి నిలుచుండెను. 645 ప్రాంతమున దావోషువాన్ వ్రాసిన భిక్షుచరిత్రలో ఆయన దక్షిణభారతపు బ్రాహ్మణుడు, ధ్యానబోధకుడు. రెంటిలోను కఱ్ఱసాము లేదు, ముష్టియుద్ధము లేదు. షావోలిన్ విహారము కట్టబడినది మఱియొక భారతీయుని కొఱకు. చెంగ్ జోంగ్‌యూ తన గ్రంథమున కఱ్ఱవిద్యకు మూలముగా జెప్పినది కిన్నరరాజును, బోధిధర్ముని గాదు. బోధిధర్ముని వ్యాయామాచార్యునిగా జేసినది 'యీజిన్‌జింగ్' అను కసరత్తుగ్రంథము. దాని పీఠిక 628 నాటి సేనాపతి వ్రాసినట్లు చెప్పుకొనును. కాని ఆ పీఠిక, విద్య తనకు వచ్చిన పరంపరలో ఒక కల్పితకథలోని పాత్రను నిజమైన మనుష్యుని వలె పేర్కొన్నది. గ్రంథము పదునేడవ శతాబ్దపుదని పండితులు నిర్ణయించిరి. ఇట్టి దస్తావేజును మునసబు కోర్టులో దాఖలు చేసినను అది మొదటి వాయిదాకే కొట్టుపడును.

ఈ యబద్ధమును బయలుపెట్టిన వాడెవ్వడో తెలియునా? భారతీయులపై అసూయగల విదేశీయుడు కాడు. చీనావాడే, పేరు తాంగ్ హావో, వృత్తిచేత న్యాయవాది, అభిరుచిచేత మల్లవిద్యాసాధకుడు. చీనాలో స్వదేశీయ మల్లవిద్యను జాతీయవిద్యగా ఆకాశమున కెత్తుచున్న కాలమున, 1930లో, ఆతడు షావోలిన్ కథలను ఆధారములతో పరీక్షించి, బోధిధర్ముని కథ నిరాధారమని వ్రాసెను. తన దేశపు ప్రియమైన అబద్ధమును తానే ఖండించినవాడు దేశద్రోహియా? కాడు. దేశమును ప్రేమించుటకు అబద్ధము అక్కఱలేదని నమ్మినవాడు. మనము మాత్రము 2011లో అరవమున వెలువడి తెలుగునకు వచ్చిన యొక చలనచిత్రమును జూచి, పల్లవరాకుమారుడైన బోధిధర్ముడు షావోలిన్‌వారికి విద్య నేర్పుట కన్నులార జూచినట్లు మాటలాడుచున్నాము.

ఇంతకును, ఆ కథ నిజమేయైనను మన గర్వమునకు విషయమేమి? భారతదేశము చీనాకు బంపిన ధనము పిడికిలి కాదు. శీలము, సమాధి, ప్రజ్ఞ అను మూడు. బుద్ధభద్రాదులు ఎడారులను, సముద్రములను దాటి మోసికొనిపోయినవి తాళపత్రములు, బల్లెములు కావు. ఆ ధనము ఇప్పుడు నాటకశాలలో వేలమునకు వచ్చినది. వేలపుపాట పాడుచున్నవానిని జూచి, "ఆ సొమ్ము మా తాతదే!" యని చప్పట్లు చఱచు మనుమని ఏమనవలెను?

మేము కోరునది స్వల్పము. షావోలిన్ యువకులు ఆడనిండు. వారి పేరులతో ఆడనిండు. విద్యార్థులుగా, మల్లులుగా, కళాకారులుగా ఆడి, తమ కష్టమునకు తగిన ప్రతిఫలమును తమ చేతులతో గైకొననిండు. గంటయు ధూపమును పద్మాసనమును విహారమున నుండనిండు. చూడబోవు మన యువకులును మెచ్చవలసినదానిని మెచ్చి, మ్రొక్కవలసినదానికి మ్రొక్కుటను నేర్వనిండు. ఈ రెంటిని కలిపివేసిన దేశమున మెప్పు మూఢభక్తియగును, భక్తి వినోదమగును.

దీనికి దృష్టాంతము వెదకుచు సుంగ్ పర్వతమువఱకు పోనక్కఱలేదు. మన నాగార్జునకొండలోయలో 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకురాజుల కాలపు విహారములెన్నో బయల్పడినవి. వానితోపాటు నలువైపుల మెట్లు గల విశాలమైన క్రీడారంగమును బయల్పడినది. సాగరము నిండునప్పుడు ఆ రంగమును అనుపు గ్రామముకడకు తరలించి మఱల నిలిపినారు, నేటికిని చూడవచ్చును. విజయపురివాసులకు ఆటయు ఇష్టమే, ధర్మమును ఇష్టమే. కావుననే రెంటికిని రాతితో చోటు గట్టిరి. కాని వేర్వేఱు చోట్ల గట్టిరి. ఆ మెట్లపై గూర్చున్న గృహస్థు సాయంకాలమున ఆట చూచి మెచ్చి, ఉదయమున విహారమునకు బోయి తల వంచెను. ఎచ్చట చప్పట్లు చఱవవలెనో, ఎచ్చట చేతులు జోడింపవలెనో వాని కెఱుకయే. పదునేడు శతాబ్దముల క్రిందటి ఆంధ్రునికి దెలిసిన ఆ వివేకము మన పఠనమందిరములకు మఱల వచ్చుగాక!